పండగకి ఊరెళ్తుంటే దారిలో కారు ఆగిపోయిందా? ఆ రోజంతా చేదుగా మిగిలిపోకుండా ఏం చేయాలి

సంక్రాంతికి హైదరాబాద్ నుంచి విజయవాడ వైపు వెళ్ళేవాళ్ళకి 65వ నంబర్ హైవే గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. పంతంగి టోల్ దాటేసరికే సగం ఓపిక అయిపోతుంది, సూర్యాపేట దాటాక హమ్మయ్య అనుకునేలోపు టెంపరేచర్ ముల్లు పైకి పాకి బానెట్ లోంచి ఆవిరి వచ్చిందనుకోండి, వెనక సీట్లో పిల్లలు, పక్కన మోకాళ్ళ నొప్పులతో అత్తయ్యగారు, ఊళ్ళోంచి అమ్మ "ఎందాకా వచ్చార్రా" అని ఫోన్. అప్పుడు ఎవరైనా "అంతా మన మంచికేలే" అంటే ఒళ్ళు మండుతుంది, మండాలి కూడా. డబ్బు పోయింది, టైము పోయింది, దాన్ని మంచి అని పిలవాల్సిన పని లేదు. కానీ ఆ గందరగోళంలోనే మనకోసం ఎవరెవరో ఏదో ఒకటి చేస్తారు, మనం కోపంలో ఉండి అదేమీ చూడకుండా ఇంటికొచ్చేస్తాం. అది చూడటం ఎలా అన్నదే ఇక్కడ చెప్తున్నాను, వరస మాత్రం మార్చకండి.

ముందు మనుషులు సేఫ్‌గా ఉండాలి

బండిని ఎడమవైపుకి, వీలైనంత రోడ్డు పక్కకి తీసుకెళ్ళి హజార్డ్ లైట్లు వేయండి. డిక్కీలో ఉన్న ఎర్ర ట్రయాంగిల్‌ని కనీసం 50 మీటర్లు వెనక పెట్టండి. అందరూ కారు దిగి రెయిలింగ్ అవతలకి వెళ్ళి నిలబడాలి, ఏసీ లేకపోయినా లోపలే కూర్చుంటాం అనొద్దు, హైవే మీద ఆగిన బండిని వెనకనుంచి గుద్దడం చాలా మామూలుగా జరిగే ప్రమాదం. వేడిగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత అస్సలు తీయకండి, మరిగే నీళ్ళు మొహం మీదకి చిమ్ముతాయి. నేషనల్ హైవే అయితే 1033కి ఫోన్ చేయండి, పగలైనా రాత్రైనా తీస్తారు, దగ్గర్లో ఉన్న పసుపురంగు కిలోమీటరు రాయి మీద ఏం రాసుందో చూసి చెప్తే పెట్రోలింగ్ వాళ్ళకి మిమ్మల్ని వెతుక్కోవడం తేలికవుతుంది. ఎవరికైనా దెబ్బ తగిలితే 112.

అందరూ రెయిలింగ్ అవతల నిలబడ్డాక ఒకసారి లెక్క చూసుకోండి. పిల్లలు ఉన్నారు, పెద్దావిడ ఉన్నారు, ఎవరికీ ఏం కాలేదు. మొదటి థాంక్స్ దీనికే.

కోపాన్ని కాసేపు పోనివ్వండి, మనిషి మీదకి మాత్రం కాదు

తిట్టుకోవాలనిపిస్తే బండిని తిట్టుకోండి, పర్లేదు. "సర్వీసింగ్‌కి ఇమ్మని నేను ముందే చెప్పానా లేదా" అన్న మాట మాత్రం ఆ రోజుకి మింగేయండి. డ్రైవ్ చేస్తున్న మనిషి అప్పటికే లోపల కుమిలిపోతూ ఉంటారు, అందరినీ తీసుకొచ్చి రోడ్డు మీద నిలబెట్టాను అని. వాళ్ళతో "కంగారుపడకుండా బండిని పక్కకి తెచ్చావు, అది చాలు" అని ఒక్కమాట అనండి. నాకైతే మొత్తం ఆర్టికల్లో ఇదే అన్నిటికంటే ముఖ్యం అనిపిస్తుంది.

ఊళ్ళో వాళ్ళకి నిజం చెప్పేయండి

"అరగంటలో వచ్చేస్తాం" అని అబద్ధం చెప్పి వాళ్ళని గుమ్మంలో కూర్చోబెట్టకండి. ఆలస్యమవుతుంది, మాకోసం ఆగొద్దు, భోగిమంట వేసేయండి అని చెప్పండి. అది మిస్సయితే బాధగానే ఉంటుంది, ఆ బాధని తీసేయడానికి ట్రై చేయొద్దు. ఇంకా ఏం మిగిలి ఉందో చూసుకోండి చాలు. చంటిదానికి భోగిపళ్ళు పోసేది ఎలాగూ సాయంత్రమే కదా, మధ్యాహ్నానికి చేరినా అందుతుంది. కనుమ నాడు కాకైనా కదలదంటారు, సెలవు దొరికితే ఆ మాట పట్టుకుని ఇంకో రోజు ఉండిపోండి, ఆలస్యంగా వచ్చిన లోటు కొంత తీరుతుంది.

ఎవరు ఏం చేశారో పేరుతో సహా చూడండి

క్రేన్ తెచ్చినాయన, బైక్ ఆపి నీళ్ళ క్యాన్ ఇచ్చిన కుర్రాడు, అత్తయ్యగారికి కుర్చీ వేసి బాత్రూం చూపించిన టీకొట్టు ఆవిడ, షట్టర్ దించేసి ఇంటికెళ్తూ మళ్ళీ వెనక్కొచ్చిన మెకానిక్. వాళ్ళింట్లో కూడా అదే పండగ, వాళ్ళకోసం కూడా ఎవరో ఎదురుచూస్తున్నారు. పేరడగండి. ఊరికే థాంక్స్ అని వెళ్ళిపోకుండా దేనికో చెప్పండి, "అన్నా, షాపు కట్టేసి కూడా మాకోసం తెరిచారు, లేకపోతే రాత్రంతా ఇక్కడే ఉండేవాళ్ళం" అంటే ఆ మొహంలో తేడా మీకే తెలుస్తుంది.

అలాగని అడిగినంత చేతిలో పెట్టేయమని కాదు, ఎంతవుతుందో ముందే అడగండి, మార్చిన హోస్ పైపో థర్మోస్టాటో పాతది చూపించమనండి. పని న్యాయంగా చేస్తే మాత్రం పండగ పూట వంద, రెండొందల దగ్గర బేరం వద్దు, మీతో తెచ్చుకున్న స్వీట్ల డబ్బా ఒకటి ఇవ్వండి.

వెయిట్ చేసే టైములో ఇది చేయండి

2003లో రాబర్ట్ ఎమ్మన్స్, మైకేల్ మెకల్లో అనే సైకాలజిస్టులు ఒక స్టడీ చేశారు, అందులో వారానికోసారి తమకి మేలు చేసినవి ఓ ఐదు దాకా రాసుకున్నవాళ్ళు, చిరాకులు రాసుకున్నవాళ్ళకంటే తమ జీవితం గురించి ఎక్కువ తృప్తిగా ఉన్నామని చెప్పారు. 2008లో వచ్చిన ఇంకో స్టడీ నాకు ఇంకా నచ్చింది, మనకి జరిగిన మంచి ఎలా జరిగిందో తలుచుకోవడం కంటే అది అసలు జరగకపోయి ఉంటే అని ఊహించుకుంటే మనసు ఎక్కువ తేలికపడిందట. కాబట్టి పిల్లల్ని అదే అడగండి, "ఆ నీళ్ళ క్యాన్ అన్న రాకపోయుంటే మనమేం చేసేవాళ్ళం?" వాళ్ళు చెప్పే జవాబులకి పెద్దవాళ్ళు కూడా మాటల్లో పడతారు. ఎవరైనా "నాకేం అనిపించట్లేదు, ఆకలేస్తుంది" అంటే వదిలేయండి, బలవంతంగా థాంక్స్ చెప్పిస్తే అది వాళ్ళకి ఇంకో శిక్ష, ముందు ఏదైనా తినిపించండి.

తిరిగొచ్చాక

కూలెంట్, బెల్టులు, బ్యాటరీ చెక్ చేయించండి, ఇన్సూరెన్స్‌లో రోడ్‌సైడ్ అసిస్టెన్స్ ఉందో లేదో చూసుకుని లేకపోతే రెన్యువల్‌లో కలపండి. ఆ మెకానిక్‌కి ఒక ఫోన్ చేసి బండి బానే నడుస్తోందని చెప్పండి, మామూలుగా ఆయనకి ఫోన్ వచ్చేది మళ్ళీ పాడైతేనే. ఆయన సరేనంటే నంబర్‌ని ఊరిపేరుతో సహా ఫ్యామిలీ గ్రూప్‌లో పెట్టండి, ఆ రూట్లో వచ్చే మనవాళ్ళకి పనికొస్తుంది, ఆయనకీ నాలుగు బేరాలు దొరుకుతాయి.