కొట్లాటలో దెబ్బ తగిలితే కేసు ఎలా పెట్టాలి?

గాజువాకలో బండి పార్కింగ్ దగ్గర మాటా మాటా పెరిగి, అవతలివాడు మూతి మీద గుద్దాడనుకుందాం. పెదవి చిట్లింది, ఒక పన్ను ఊడింది. ఇప్పుడేం చేయాలి?

ముందు ఆసుపత్రి. గొడవ ఇంకా సాగుతుంటే 112కి, కదల్లేకపోతే 108కి ఫోన్ చేయండి. విశాఖ కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) క్యాజువాలిటీకి వెళ్తే దీన్ని మెడికో లీగల్ కేసుగా, అంటే పోలీసులకు తెలియజేయాల్సిన గాయం కేసుగా రాసుకుంటారు. నేరుగా స్టేషన్‌కి వెళ్లినా వాళ్లే ఆసుపత్రికి పంపిస్తారు. కానీ ‘ఏమైంది’ అని డాక్టర్ అడిగినప్పుడు మనవాళ్లు చేసే తప్పు ఒకటుంది. పరువు పోతుందనో, పోలీసుల టెన్షన్ ఎందుకనో ‘బాత్రూంలో జారి పడ్డాను’ అనేస్తారు. ఆ మాట రికార్డుకెక్కుతుంది. రేపు కోర్టులో అవతలి వకీలు మొదట పట్టుకునేది దాన్నే. ఎవరు కొట్టారు, దేంతో కొట్టారు, ఎన్నింటికి కొట్టారు అన్నవి ఉన్నదున్నట్టు చెప్పండి. ఎక్స్‌రే, మందుల చీటీలు, డిశ్చార్జ్ కాగితం దాచుకోండి. గాయాల ఫొటోలు ఆ రోజే తీయించుకోండి.

ఇంత పట్టుబట్టడానికి కారణం, గాయాన్ని బట్టే సెక్షన్ మారుతుంది. 2024 జూలై 1 నుంచి పాత శిక్షా చట్టం ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. మామూలు గాయమైతే 115(2): ఏడాది వరకు జైలు, లేదా పది వేల వరకు జరిమానా, లేదా రెండూ. ఎముక విరిగినా, పన్ను విరిగినా, ఊడినా అది తీవ్ర గాయం. అప్పుడు 117(2), ఏడేళ్ల వరకు జైలు, జరిమానా కూడా. ఒక్క పన్నుతో ఇంత తేడా! పదిహేను రోజులు ఒళ్లు నొప్పులతో విలవిల్లాడినా, రోజువారీ పనులు చేసుకోలేకపోయినా తీవ్ర గాయమే. పాత చట్టంలో ఇది ఇరవై రోజులుండేది. కత్తి లాంటి ఆయుధం వాడితే 118. మరిగే నూనె పోసినా ఇదే సెక్షన్, కాబట్టి బీచ్ రోడ్డులో బజ్జీల బండి దగ్గర గొడవైతే మూకుడు కూడా ఆయుధమే.

తర్వాత ఫిర్యాదు. ఏ స్టేషన్ పరిధో తెలియక తిరగక్కర్లేదు. దగ్గర్లో ఉన్న స్టేషన్‌లో ఇచ్చినా జీరో ఎఫ్ఐఆర్ కట్టి సంబంధిత స్టేషన్‌కి పంపాలి. ఆన్‌లైన్‌లో పంపితే మూడు రోజుల్లోపు వెళ్లి సంతకం పెట్టాలి. తేదీ, సమయం, చోటు, చూసినవాళ్ల పేర్లు రాయండి. కోపంలో ‘చంపబోయాడు’ అని పెంచి రాయొద్దు. గాయాల సర్టిఫికెట్‌తో పొంతన కుదరక నిజం కూడా అబద్ధంలా కనిపిస్తుంది. పక్క షాపు సీసీ కెమెరా సంగతి ఆ రోజే ఎస్సైకి చెప్పండి. కొద్ది రోజులకే ఫుటేజీ చెరిగిపోవచ్చు. ఎఫ్ఐఆర్ కాపీ మీకు ఉచితంగా ఇవ్వాలి.

ఒక్క 115(2) మాత్రమే అయితే ఇక్కడో మెలిక ఉంది. మేజిస్ట్రేట్ అనుమతి లేకుండా పోలీసులు దర్యాప్తు చేయలేరు. రిజిస్టర్‌లో రాసుకుని మిమ్మల్ని కోర్టుకెళ్లమంటారు, అది తప్పించుకోవడం కాదు. దీనికి ఏడాది గడువు, నాన్చకండి. తీవ్ర గాయమై ఉండీ ఎఫ్ఐఆర్ కట్టకపోతే పోలీస్ కమిషనర్‌కి రాతపూర్వకంగా పోస్టులో పంపండి, ఆపై మేజిస్ట్రేట్. వకీలుకి డబ్బుల్లేకపోతే న్యాయ సేవల సంస్థ హెల్ప్‌లైన్ 15100 ఉంది.

మీరూ ఒకటి తగిలించి ఉంటే దాచకండి. వాళ్లు కౌంటర్ కేసు పెట్టేది ఖాయం. రాజీకి పెద్దమనుషులు వస్తారు. మామూలు గాయం కేసులో దెబ్బలు తిన్నవాడే కోర్టు అనుమతి లేకుండా రాజీ పడొచ్చు. తెల్ల కాగితం మీద మాత్రం సంతకం పెట్టకండి.