బేరింగ్ ఉక్కు పెళుసు తగ్గించడం – పాఠం 4: కాక ఎక్కడ ఆపాలి

పోయిన పాఠంలో ఎన్31 అనే బేరింగ్ ఉక్కు కడ్డీని మెత్తబరిచి, లోపలి కార్బైడును (కార్బన్ లోహంతో కలిసిన గట్టి పదార్థం) గుండ్రటి గింజలుగా మార్చుకున్నాం. ఆ గింజల విలువ ఈ పాఠంలో తెలుస్తుంది.

తాడిపత్రి బండల ఫ్యాక్టరీలకు పిన్నులు, రోలర్లు చేసిచ్చే లేత్ షాపుల్లో పిన్ను విరిగితే మొదట టెంపరింగ్‌నే (చల్లార్చి గట్టిపరిచిన ఉక్కును మళ్లీ కొద్దిగా వేడిచేసి పెళుసు తగ్గించడం) తప్పుపడతారు. నిజానికి చాలాసార్లు తప్పు అంతకుముందే, కొలిమిలోనే జరిగిపోయి ఉంటుంది.

ఎన్31లో కార్బన్ సుమారు 1 శాతం. 840–850 డిగ్రీల సెల్సియస్ దగ్గర అందులో 0.6 శాతం చిల్లర మాత్రమే ఉక్కులో కరుగుతుంది. మిగతాది గింజలుగానే ఉండి, లోహపు రేణువులు పెరగకుండా పట్టి ఉంచుతుంది. 900 దాటిస్తే ఆ గింజలూ చాలావరకు కరిగిపోతాయి. రేణువులు లావెక్కుతాయి, చల్లార్చినప్పుడు ఏర్పడే మార్టెన్‌సైట్ (ఉక్కుకు గట్టిదనమిచ్చే రూపం) పలకలు ముతకగా వచ్చి వాటిలో సన్నటి పగుళ్లు పడతాయి. మారకుండా మిగిలిపోయే ఆస్టెనైట్ (కాకలో ఉన్నప్పటి మెత్తటి రూపం) కూడా పెరుగుతుంది కాబట్టి గట్టిదనం కూడా తగ్గొచ్చు. 170 డిగ్రీల టెంపరింగ్ ఈ ముతక రేణువును సన్నబరచలేదు. మళ్లీ మెత్తబరిచి మొదటికి రావాల్సిందే.

కంటితో రంగు చూసి కాక పట్టేవాళ్లకు మన ఎండే శత్రువు. అనంతపురం మధ్యాహ్నపు వెలుతురులో 850 రంగు మసకగా కనిపిస్తుంది, చెయ్యి ఇంకా కాక పెంచేస్తుంది. అయస్కాంతం అంటుకోవడం మానేస్తే చాలని కొందరు ఆపేస్తారు. అది సుమారు 770 దగ్గరే జరుగుతుంది, ఇంకా 70–80 డిగ్రీలు కావాలి. కొలిమి ఉష్ణోగ్రత కొలిచే థర్మోకపుల్ పెట్టుకోండి. దీనికి బదులు ఇంకోటి లేదు.

12 మి.మీ. పిన్నును 650 దగ్గర కాసేపు ఆపి, 845కి తెచ్చి, ముక్కంతా ఒకే రంగుకొచ్చాక 20 నిమిషాలు ఉంచండి. గాలి తగిలే కొలిమిలో పైపొర కార్బన్ పోగొట్టుకుంటుంది. గ్రైండింగ్‌కు ఒక్కో పక్క 0.3 మి.మీ. ముందే వదలాలి. చల్లార్చడానికి కిలో ఉక్కుకు కనీసం 8 లీటర్ల క్వెంచింగ్ ఆయిల్, 50–60 డిగ్రీల వెచ్చదనంలో. పిన్నును నిలువుగా దించి పైకీ కిందికీ ఆడించాలి. వాడేసిన ఇంజన్ ఆయిల్ వద్దు: అందులో నీళ్లు కలిసి ఉంటే ముక్క పగులుతుంది.

చెయ్యి పట్టేంత వెచ్చగా ఉండగానే టెంపరింగ్‌కు పెట్టండి, తెల్లారేదాకా ఆగొద్దు. 170 దగ్గర 2 గంటలు. 250–350 మధ్యకు పోవద్దు, అక్కడ గట్టిదనం తగ్గుతుంది, పెళుసు మాత్రం పెరుగుతుంది.

ఈ వారం అభ్యాసం. ఒకే కడ్డీ నుంచి 10 మి.మీ. లావు, 75 మి.మీ. పొడవు ముక్కలు మూడు కోయండి. 845, 880, 930 నుంచి ఒక్కొక్కటి నూనెలో ముంచండి. టెంపరింగ్ చేయకుండా వైస్‌లో సగం బిగించి, గోనెసంచి చుట్టి, కళ్లద్దాలు పెట్టుకుని సుత్తితో విరగ్గొట్టండి. సంచి తప్పనిసరి, ముక్క తూటాలా ఎగురుతుంది. విరిగిన ముఖాన్ని భూతద్దంతో చూస్తే 845 ముక్క పట్టుబట్టలా నునుపుగా, బూడిదరంగులో ఉంటుంది. 930 ముక్క చక్కెర పలుకుల్లా మిలమిలలాడుతుంది. ముక్కలపై ఉష్ణోగ్రత రాసి, తుప్పు పట్టకుండా నూనె పూసి దాచండి. బైనైట్ (ఉక్కు తీసుకునే ఇంకో రూపం) పాఠంలో 230 డిగ్రీల కరిగిన ఉప్పు స్నానం నుంచి తీసిన నాలుగో ముక్కను వీటి పక్కనే పెట్టి చూస్తాం.