ఇంటికి వేడినీళ్ళు, మూడో పాఠం: షాపుకు పోయే ముందు వేసుకునే లెక్క

కిందటి పాఠంలో రెండు పనులు చెప్పాను. తెల్లవారుజామున కుళాయి నీళ్ళు ఎన్ని డిగ్రీలున్నాయో థర్మామీటరుతో చూడటం ఒకటి, ఇంట్లో ఒక్కొక్కరు స్నానానికి ఎన్ని లీటర్లు వాడుతున్నారో కొలిచి రాసుకోవడం రెండోది. ఆ కాగితం దగ్గర పెట్టుకోండి. అది లేకుండా గీజర్ కొనడానికి షాపుకు పోతే, మీకు ఏది కావాలో అమ్మేవాళ్ళే తేలుస్తారు.

ఈసారి నేర్చుకునే సూత్రం ఒక్కటే. ఒక యూనిట్ కరెంటు 860 లీటర్ల నీళ్ళను ఒక డిగ్రీ వేడెక్కిస్తుంది. కాబట్టి మీ లీటర్లను, పెరగాల్సిన డిగ్రీలతో గుణించి 860తో భాగించండి. వచ్చేది యూనిట్లు.

అనంతపురంలో నలుగురున్న ఇల్లు అనుకుందాం: జేజి, అమ్మ, నాయన, బడికి పోయే పిల్లోడు. డిసెంబరులో పొద్దున్నే మిద్దె మీది ట్యాంకు నీళ్ళు 22 డిగ్రీలున్నాయి. ఒంటికి హాయిగా ఉండాలంటే 40 కావాలి. అంటే 18 డిగ్రీలు పెరగాలి. మనిషికి 20 లీటర్ల బకెట్ చొప్పున 80 లీటర్లు. ఎనభైని 18తో గుణిస్తే 1440, దాన్ని 860తో భాగిస్తే సుమారు 1.7. రోజుకు 1.7 యూనిట్లంటే నెలకు 50.

రాడ్ వాడినా, ఇన్‌స్టంట్ గీజర్ వాడినా, ట్యాంకు ఉన్న గీజర్ వాడినా ఈ 50 మారదు. వీటిలో నీళ్ళను కాగబెట్టే కాయిల్ అన్నది తీసుకున్న కరెంటునంతా వేడిగానే మారుస్తుంది. అందువల్ల 'మా కాయిల్ సగం కరెంటుతోనే కాగబెడుతుంది' అని ఎవరన్నా అంటే నవ్వి ఊరుకోండి. హీట్ పంప్ ఒక్కటే దీనికి మినహాయింపు. అది గాలిలో ఉన్న వేడిని లాగి నీళ్ళకు ఇస్తుంది గనక ఒక యూనిట్ కరెంటుకు దాదాపు మూడు యూనిట్ల వేడి ఇవ్వగలదు. కానీ దాని ధరకు హాస్టలో లాడ్జో అయితేనే గిట్టుబాటు, నలుగురున్న ఇంటికి కాదు.

మరి గీజర్ మీద ఆ స్టార్లు ఎందుకు? అక్కడే చాలామంది తికమక పడతారు. కాగిన నీళ్ళు ట్యాంకులో ఊరికే ఉన్నప్పుడు ఎంత వేడి బయటికి పోతుందన్న దాన్ని బట్టి స్టార్లు ఇస్తారు. నీటికీ బయటి గాలికీ 45 డిగ్రీల తేడా ఉంటే 24 గంటల్లో ఎన్ని యూనిట్లు వృథా అవుతాయో లేబుల్ మీదే అచ్చు వేసి ఉంటుంది. స్విచ్ రోజంతా వేసి ఉంచే ఇంట్లో ఈ అంకెకు చాలా విలువ ఉంది. పొద్దున ఇరవై నిమిషాలు వేసి, వాడుకుని, ఆపేసే ఇంట్లో అంత లేదు. కాబట్టి ఇంకో స్టార్ కోసం డబ్బు పెట్టే ముందు మీ ఇంట్లో స్విచ్ ఎవరు ఆపుతారో తేల్చుకోండి!

సైజు కూడా అదే సూత్రంతో తేలుతుంది. 15 లీటర్ల ట్యాంకును 22 నుంచి 60 డిగ్రీలకు తేవాలంటే 0.66 యూనిట్ కావాలి. రెండు కిలోవాట్ల కాయిల్‌కు అది ఇరవై నిమిషాల పని. దానికి చన్నీళ్ళు కలుపుకుంటే 40 డిగ్రీల నీళ్ళు ముప్పై లీటర్లు వస్తాయి, అంటే బకెట్టున్నర. ఒకరి తర్వాత ఒకరు పోసుకునే ఇంటికి ఇది చాలు. మూడు కిలోవాట్ల ఇన్‌స్టంట్ అయితే నిమిషానికి దాదాపు 2.4 లీటర్లు ఇస్తుంది. బకెట్ నిండటానికి ఎనిమిది నిమిషాలకు పైనే ఆగాలి. పైగా అది 13 ఆంపియర్లు లాగుతుంది. పాత ఇళ్ళలోని చిన్న ప్లగ్గులో ఎట్టి పరిస్థితుల్లోనూ పెట్టొద్దు.

పల్లెల్లో వోల్టేజీ 190కి పడిపోతే, రెండు కిలోవాట్ల గీజర్ 1.4 కిలోవాట్ల లోపే పనిచేస్తుంది. ఇరవై నిమిషాలది అరగంట అవుతుంది. సేపు ఎక్కువైందని బిల్లు పెరుగుతుందేమో అని టెన్షన్ వద్దు, యూనిట్లు దాదాపు అవే.

ఇక అందరూ అడిగేది ఎండతో నీళ్ళు కాగబెట్టే సోలార్ హీటర్. కర్నూలు పక్క ఓర్వకల్లు దగ్గర వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు పెట్టగలిగిన ఎండ మనది, మన మిద్దె మీద వంద లీటర్లు కాగవా? కాగుతాయి, అందులో అనుమానం లేదు. అయితే ఆ ఎండ వల్లే ఇంకో సంగతి ఉంది. ఏప్రిల్లో ట్యాంకు నీళ్ళే చెయ్యి పెట్టనీయవు. మనకు వేడినీళ్ళు నిజంగా కావాల్సింది నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా. నాలుగు నెలలకు 200 యూనిట్లు, యూనిట్ 6 రూపాయలనుకుంటే 1,200. సోలార్‌కు ఇరవై వేలు పెడితే ఆ డబ్బు తిరిగి రావడానికి పదహారేళ్ళు దాటుతుంది. అమ్మేవాళ్ళు చూపించే లెక్కలో ఏడాదంతా వేడినీళ్ళు వాడతారని ఉంటుంది. జేజికి వానాకాలంలో కూడా కావాలన్నా, రెండు కుటుంబాలు కలిసి ఉన్నా లెక్క మారుతుంది, అప్పుడు సోలార్ మేలే. నా మటుకు నేను నలుగురి ఇంటికి 15 లీటర్ల గీజర్‌నే కొనమంటాను.

గ్యాస్ గీజర్ గురించి ఒక్క మాటే. కిటికీ లేని బాత్రూములో అది ప్రాణాంతకం. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. పెడితే బయటి గోడకే.

వచ్చే పాఠానికి ఇంటిపని: కరెంటు బిల్లు తీసి మీ చివరి స్లాబులో యూనిట్ ఎంతో చూడండి. మన బిల్లు మెట్లు మెట్లుగా పెరుగుతుంది గనక గీజర్ యూనిట్లు పడేది ఆ పై మెట్టులోనే. నేను వాడిన 6 రూపాయల చోట మీ అంకె పెట్టి లెక్క మళ్ళీ వేయండి. బోరు నీళ్ళయితే, కాగబెట్టే గిన్నె అడుగున తెల్లపొర ఎంత కట్టిందో గీకి చూడండి. నాలుగో పాఠం మొదలయ్యేది ఆ పొరతోనే: అది కాయిల్‌ను ఏం చేస్తుంది, థర్మోస్టాట్ ఎక్కడ పెట్టాలి, ట్యాంకుకు తుప్పు పట్టకుండా లోపల ఉండే మెగ్నీషియం రాడ్‌ను ఎప్పుడు మార్చాలి.