మైనస్ ముప్పైలో గొయ్యి తవ్వేవాళ్లకు

పని మొదలుపెట్టిన మొదటి పది నిమిషాలు మీకు చలి వెయ్యాలి. వెయ్యలేదంటే బట్టలు ఎక్కువ వేసుకున్నారని అర్థం. కొత్తగా చేరినవాళ్లకు నేను ముందుగా చెప్పేది ఇదే. వాళ్లు ఓ పట్టాన నమ్మనిదీ ఇదే.

నా పని భూమిలో పగిలిన నీళ్ల పైపులు బాగుచేయడం. పైపులు ఎప్పుడైనా పగలొచ్చు గానీ, చలి ముదిరినప్పుడు వరసపెట్టి పగులుతాయి. అందరూ తలుపులు బిగించుకుని కూర్చున్న రోజునే మాకు చేతినిండా పని. మైనస్ 30 డిగ్రీల చలిలో గడ్డపార పట్టుకోవడం నాకిది పదకొండో చలికాలం. మొదటి ఏడాది ఉన్న బట్టలన్నీ ఒంటికి ఎక్కించుకుని వెళ్లాను. బీరువా నడిచొస్తోందని నవ్వారు. అరగంట తవ్వేసరికి లోపలి బనియన్ పిండితే నీళ్లు కారేలా ఉంది. ఇంత చలిలో చెమట పట్టించానంటే నా అంతవాడు లేడనుకున్నాను. తర్వాత గోతిలో నీళ్లు తోడే పంపు రావడం ఆలస్యమై ఇరవై నిమిషాలు ఊరికే నిలబడాల్సి వచ్చింది. ఐదు నిమిషాలకే తడి బట్ట వీపుకి ఐసు పలకలా అతుక్కుంది. పది నిమిషాలకి పళ్లు టకటకా కొట్టుకున్నాయి. ఆ రోజంతా మళ్లీ ఒళ్లు వెచ్చబడలేదు. నీరు గాలికంటే దాదాపు 25 రెట్లు వేగంగా ఒంట్లోని వేడిని లాగేస్తుంది. బయటి మంచు కంటే లోపలి చెమటే ముందు మన పని పడుతుంది.

కాబట్టి బట్టల లెక్క చెమట నుంచి మొదలుపెట్టాలి. ఒంటికి ఆనుకునే పొర నూలుది కాకూడదు. బనియనైనా సాక్సులైనా అంతే. నూలు చెమటను పీల్చుకుని ఆరదు. సన్నటి ఉన్ని గానీ పాలిస్టర్ గానీ ఉండాలి. ఉన్ని తడిసినా కొంత వెచ్చదనం మిగుల్చుతుంది. దాని మీద ఫ్లీసు లాంటి మధ్య పొర, ఆ పైన గాలిని ఆపే జాకెట్. లావు కోటు విడిగా సంచీలో ఉంచుకోండి. అది పనిచేసేటప్పుడు వేసుకునేది కాదు, ఆగినప్పుడు వేసుకునేది. పార కింద పెట్టగానే, ఒళ్లింకా వేడిగా ఉండగానే తొడుక్కోవాలి. చలేసినప్పుడు చూద్దాంలే అనుకుంటే అప్పటికే ఆలస్యం. కోటు వేడి పుట్టించదు, ఉన్న వేడిని దాచిపెడుతుంది. దాచడానికి ఏదో ఒకటి ఉండాలి కదా.

పని జోరందుకోకముందే జిప్ సగం దించండి. మెడ దగ్గరా మణికట్ల దగ్గరా గాలి ఆడనివ్వండి. నుదుటి మీద చెమ్మ తగిలిందంటే వేగం తగ్గించాలి. మా మేస్త్రీ దీనికో పద్ధతి పెట్టాడు: ఇద్దరు దిగితే పది నిమిషాలు ఒకరు తవ్వడం, ఒకరు మట్టి పైకి లాగడం, తర్వాత వంతులు మారడం. ఎవరికీ చెమట పట్టేంత పని ఉండదు, ఎవరూ చలేసేంతసేపు నిలబడరు. ఒక్కడే వీరుడిలా గంటసేపు తవ్వితే పని ముందే అయిపోతుందనుకుంటారు గానీ, మిగతా షిఫ్టంతా ఆ వీరుణ్ణి హీటర్ పక్కన కూర్చోబెట్టాల్సి వస్తుంది. ఎంత జాగ్రత్తపడినా కొంత తడుస్తుంది కాబట్టి మధ్యాహ్నం బండిలోకి వెళ్లి లోపలి బనియన్, సాక్సులు మార్చుకోండి. చొక్కా విప్పాలంటే బద్ధకమే. కానీ ఖరీదైన జాకెట్ కంటే పొడి బనియనే నాకు ఎక్కువసార్లు అక్కరకొచ్చింది.

ఇక చేతులు. మనిషి మొత్తంలో ముందుగా మొరాయించేవి ఇవే. ఒంట్లో వేడి తగ్గుతోందనగానే గుండె, ఊపిరితిత్తులు చల్లబడకుండా చేతులకీ కాళ్లకీ వెళ్లే రక్తాన్ని శరీరం తగ్గించేస్తుంది. అందుకే వేళ్లు కొంకర్లు పోతే గ్లౌజులు మార్చడం ఒక్కటే మందు కాదు, కొన్నిసార్లు ఛాతీ మీద ఇంకో పొర వేస్తే వేళ్లు వెచ్చబడతాయి. ఐదు వేళ్లకీ విడివిడి గదులున్న గ్లౌజు కంటే నాలుగు వేళ్లూ ఒకచోట ఉండే మిట్టెన్ వెచ్చగా ఉంటుంది, కానీ దాంతో బోల్టు బిగించలేం. నేను లోపల సన్నటి ఉన్ని గ్లౌజు, పైన వదులుగా మిట్టెన్ వేసుకుంటాను. సన్నపని వస్తే మిట్టెన్ తీసి మెడకు కట్టిన తాడుకి వేలాడదీస్తాను. చిన్నపిల్లల్లా తాడేంటని నవ్వేవాళ్లుంటారు, వాళ్ల మిట్టెన్ గాలికి గోతిలో పడిందాకా. రోజుకి కనీసం మూడు జతలు కావాలి. తడిసిన జతని బయట పెడితే కర్రలా బిగుసుకుపోతుంది. పైపు దగ్గర నీళ్లలో చెయ్యి పెట్టక తప్పదు కాబట్టి దానికి లోపల అస్తరున్న రబ్బరు గ్లౌజులు వేరే ఉండాలి.

నా కుడిచేతి రెండు వేళ్ల చివర్లు ఇప్పటికీ కాస్త చలికే సూదులతో గుచ్చినట్టు ఉంటాయి. నాలుగో ఏడాది పంపులో పెట్రోలు పోస్తూ, గ్లౌజుతో మూత తిరగడం లేదని వట్టి చేతులతో తిప్పాను. డబ్బా ఒలికి వేళ్ల మీద పడింది. నీరైతే సున్నా దగ్గరే గడ్డకడుతుంది. పెట్రోలు మైనస్ 30లోనూ నీళ్లలాగే పారుతుంది, అంటే ఆ చలినంతా వెంట తెస్తుంది. పైగా ఆవిరవుతూ ఇంకా చల్లబరుస్తుంది. నొప్పి కొన్ని సెకన్లే, తర్వాత ఏమీ తెలీలేదు. హమ్మయ్య, తగ్గిందనుకున్నాను. చూస్తే వేళ్ల చివర్లు కొవ్వొత్తి మైనంలా తెల్లగా ఉన్నాయి, గోరుతో నొక్కితే బల్లని నొక్కినట్టుంది. మర్నాటికి బొబ్బలు. చలిలో నొప్పి పోయిందంటే అది తగ్గినట్టు కాదు, కబురు చెప్పే నరం మొద్దుబారినట్టు. అప్పటి నుంచి ఇంధనం పోసేటప్పుడు దానికి పాడవని గ్లౌజులు లేకుండా డబ్బా ముట్టను. వట్టి ఇనుమూ అంతే, చెమ్మగా ఉన్న చర్మాన్ని అంటించేసుకుంటుంది. రోజూ పట్టే పనిముట్ల పిడులకి బట్ట టేపు చుట్టుకోండి.

కాళ్లకు రెండు జతల సాక్సులు బిగించి తొడగడం కొత్తవాళ్లందరూ చేసే పొరపాటు. బూటు ఇరుకైతే రక్తమూ ఆడదు, వేడిని పట్టే గాలీ ఉండదు. లోపల ఫెల్టు (ఉన్నిని నొక్కి చేసిన మందపాటి బట్ట) పొర విడిగా వచ్చే బూటు, ఒక సైజు పెద్దది తీసుకుని, ఒక్క లావు ఉన్ని జత వేసుకోండి. ముందుభాగంలో ఉక్కు ఉన్న బూట్ల కంటే కాంపోజిట్ రకం (ఉక్కు బదులు లోహం కాని గట్టి పదార్థం ఉన్నది) నయం. నేల నుంచి వచ్చే చలికి ఏ బూటూ పూర్తిగా ఆగదు. నిలబడి చేసే పనైతే కాళ్ల కింద చెక్కముక్క వేసుకోండి. పైసా ఖర్చు లేని ఉపాయం, పదిమందిలో తొమ్మిదిమంది చెయ్యరు.

ముఖానికి వాసెలీన్ రాస్తే చర్మం గడ్డకట్టదని చాలామంది నమ్మకం. పగుళ్లకి పనికొస్తుందేమో గానీ చలిని ఆపదు. పైగా రాసుకున్నాం కదా అని ధీమా వస్తుంది, అది ఇంకా ప్రమాదం. ముక్కు, చెంపలు, చెవులు గుడ్డతో కప్పండి. ఊపిరి తడికి గుడ్డ బిగుసుకుంటుంది, కాబట్టి అదీ రెండోది ఉండాలి.

చలి ఎంతో చూసేటప్పుడు గాలిని వదిలేసి చూడకండి. మైనస్ 25 ఉన్న రోజు గంటకి 30 కిలోమీటర్ల గాలి వీస్తే చర్మానికి మైనస్ 39 ఉన్నట్టు లెక్క. 2001లో అమెరికా, కెనడా వాతావరణ శాఖలు తీసుకున్న సూత్రం ప్రకారం వచ్చే అంకె ఇది. ఇది చర్మం సంగతి మాత్రమే, ఎంత గాలి వీచినా ఇంజన్ మైనస్ 25 కంటే కిందికి చల్లబడదు. గొయ్యి పక్కన గాలి వచ్చే వైపు టార్పాలిన్ కట్టడానికి పావుగంట పడుతుంది. ఆ పావుగంట దండగ అనుకునే సూపర్‌వైజర్లు ఉంటారు. వాళ్లని ఓ పది నిమిషాలు అక్కడ నిలబెట్టండి.

ఎంతసేపు పని, ఎంతసేపు విరామం అన్నదానికి కెనడాలోని సస్కాచెవాన్ కార్మిక శాఖ పట్టిక ఒకటుంది. చాలా చోట్ల దాన్నే వాడతారు. నాలుగు గంటల షిఫ్టులో, గాలి లేనప్పుడు, మైనస్ 32 నుంచి 34 మధ్య ఒకేసారి 75 నిమిషాలకు మించి పని వద్దు. మైనస్ 35 నుంచి 37 అయితే 55 నిమిషాలు. మైనస్ 40 నుంచి 42 అయితే అరగంటే. ప్రతిసారీ వెచ్చటి చోట పది నిమిషాల విరామం. మైనస్ 43కి గానీ అంతకంటే కిందికి గానీ దిగితే అత్యవసరం కాని పని ఆపేయాలి. గాలి ఉంటే ఇవన్నీ ఇంకా తగ్గుతాయి. విరామంలో బండి లోపలికి రాగానే పై జాకెట్ విప్పండి, లేకపోతే అక్కడ చెమట పట్టి మొదటికొస్తుంది. బండి ఇంజన్ నడుస్తుంటే ముందు దిగి సైలెన్సర్ గొట్టం చుట్టూ మంచు పేరుకుందేమో చూడండి. మూసుకుపోతే పొగ లోపలికొస్తుంది. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, నిద్ర వచ్చినట్టే ఉంటుంది.

చలిలో దాహం తెలీదు, మూత్రం మాత్రం ఎక్కువ వస్తుంది. ఇన్ని పొరలు విప్పాలని భయపడి నీళ్లు మానేసేవాళ్లని చూశాను. వాళ్లే ముందు నీరసపడతారు. నీళ్ల సీసా సంచీలో తలకిందులుగా పెట్టండి. గడ్డకట్టడం పైనుంచి మొదలవుతుంది కాబట్టి మూత దగ్గర నీళ్లు మిగులుతాయి. తిండి మామూలు కంటే ఎక్కువ, కొద్దికొద్దిగా, మాటిమాటికీ. మందు తాగితే వెచ్చగా ఉంటుందనేది భ్రమ, రక్తం చర్మం దగ్గరకొచ్చి ఉన్న వేడి బయటికి పోతుంది. సిగరెట్టు వేళ్ల రక్తనాళాల్ని ఇంకా బిగిస్తుంది.

పనిముట్ల గురించి క్లుప్తంగా. గట్టి చలిలో మామూలు ఉక్కూ ప్లాస్టిక్కూ పెళుసెక్కుతాయి. సుత్తి దెబ్బకి ముక్కలు ఎగురుతాయి, గొలుసులు హఠాత్తుగా తెగుతాయి. కంటి అద్దాలు తియ్యకండి. లిథియం బ్యాటరీలు లోపలి జేబులో ఉంచండి, సున్నా కంటే చల్లగా ఉన్నప్పుడు ఛార్జింగ్ పెట్టకండి. గొయ్యి గోడలు రాయిలా గట్టిపడ్డాయి కదా అని దన్ను పెట్టకుండా దిగొద్దు. పగిలిన పైపు నీళ్లు తగిలితే ఆ రాయి మళ్లీ బురదే.

అన్నిటికంటే ముఖ్యం జోడీ. మీ ముక్కు మీకు కనబడదు. ఇరవై నిమిషాలకోసారి ఒకరి ముఖం ఒకరు చూసుకోవాలి. తెల్లమచ్చ కనబడితే వెంటనే లోపలికి వెళ్లి వెచ్చటి అరచేయి ఆనించాలి. వేళ్లయితే చంకలో పెట్టుకోవాలి. మంచుతో రుద్దడం పాత మూఢనమ్మకం, చర్మం చీలుతుంది. స్పర్శ లేని వేళ్లని హీటర్ ముందు పెడితే కాలిపోయినా తెలీదు. లోతుగా గడ్డకట్టి ఉంటే 37 నుంచి 39 డిగ్రీల నీళ్లలో కరిగించాలి, అదీ మళ్లీ గడ్డకట్టే ప్రమాదం లేదని తేలాకే. ఆసుపత్రి తప్పదు.

రెండేళ్ల కిందట నా జోడీ పట్టకారు రెండుసార్లు జారవిడిచాడు. మూడోసారి నా మీద విసుక్కున్నాడు. ఆ మనిషి విసుక్కునే రకం కాదు. "బొటనవేలు చిటికెనవేలికి ఆనించు" అన్నాను. ఆనలేదు, అరంగుళం దూరంలో ఆగిపోయింది. "నేను బాగానే ఉన్నాను, పని కానీ" అన్నాడు, ఆ మాటా ముద్దముద్దగా వచ్చింది. బాగానే ఉన్నానన్న మాటని ఆ స్థితిలో లెక్కలోకి తీసుకోకూడదు. నేనూ ఇంకొకరూ పట్టి బండెక్కించాం, తడి బట్టలు విప్పి ఛాతీకి దుప్పటి చుట్టాం. ఇంకా వణుకుతున్నాడు కాబట్టి నయం. ఒళ్లు వెచ్చబడకుండానే వణుకు ఆగిపోయిందంటే పరిస్థితి చెయ్యిదాటుతోందని అర్థం. అప్పుడు మనిషిని నడిపించకూడదు, కుదపకూడదు, పడుకోబెట్టి అంబులెన్స్ పిలవాలి. తెలివిగా ఉండి మింగగలిగితేనే వేడిగా తియ్యగా ఏదైనా పట్టాలి.

ఇంటికొచ్చాక ఎంత అలసిపోయినా ముందు బూట్లలోని ఫెల్టు పొర బయటికి లాగి ఆరబెట్టండి. గ్లౌజుల్ని వేళ్లు పైకి ఉండేలా కర్రలకి తొడిగి పెట్టండి, లోపలి చెమ్మ కిందనుంచి పోతుంది. తర్వాతే స్నానమైనా, భోజనమైనా. పైపులకి రాత్రీ పగలూ తేడా లేదు. ఫోన్ రెండింటికే మోగొచ్చు, అప్పుడు తడి బూటులో కాలు పెట్టాల్సి రాకూడదు.