అంగడి ఇంకొకరికి అప్పగించాలంటే మూడేళ్ళ ముందే మొదలుపెట్టండి

తిరుపతి గాంధీ రోడ్డులో పాత్రల అంగడి కానీ, లీలామహల్ సర్కిల్ దగ్గర టిఫిన్ సెంటరు కానీ, చిత్తూరు బజారు వీధిలో కిరాణా కానీ, పాతికేళ్ళుగా నడుపుతున్న మనిషిని "మీ తర్వాత ఎవరు చూసుకుంటారన్నా?" అని అడిగి చూడండి. "చూద్దాంలే" అంటారు. పిల్లలు బెంగళూరులోనో చెన్నైలోనో ఉద్యోగాల్లో ఉంటారు, వాళ్ళు వచ్చి గల్లాపెట్టె దగ్గర కూర్చోరని ఇంట్లో అందరికీ తెలుసు, అయినా ఎవరూ పైకి అనరు. చివరికి మోకాళ్ళు పనిచేయకో షుగరు ముదిరో ఉన్నపళంగా అమ్మాల్సి వస్తుంది. అప్పుడు చేతికొచ్చేది సరుకు, ర్యాకుల డబ్బే, అది కూడా సగం ధరకి.

కొనేవాడు చూసేది ఒకటే, మీరు రేపటి నుంచి రాకపోయినా ఈ అంగడి నడుస్తుందా లేదా అని. నడుస్తుందంటే ధర వస్తుంది. మీ మొహం చూసి మాత్రమే జనం వస్తున్నారంటే మీతో పాటే ఆ గిరాకీ కూడా ఇంటికి వెళ్ళిపోతుంది. అందుకే మూడేళ్ళు అంటున్నాను.

ముందు ఇంట్లో మాట తేల్చుకోండి

కొడుకునైనా కూతురినైనా విడిగా కూర్చోబెట్టి, నీకిది కావాలా వద్దా అని నేరుగా అడగండి. పెళ్ళిలో బంధువుల ముందు అడిగితే ఎవరైనా "సరే నాయనా" అనేస్తారు, దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు. ఒకరు అంగడి చూసుకుంటూ మిగతావాళ్ళు బయట ఉంటే వాటాల సంగతి ఇప్పుడే రాతపూర్వకంగా పెట్టండి. అది మీ స్వార్జితమైతే వీలునామాలో ఎవరికైనా రాయొచ్చు. తాతల నాటి ఉమ్మడి ఆస్తి అయితే ఆడపిల్లలకూ సమాన వాటా ఉంటుంది. మన రాష్ట్రంలో అప్పటికి పెళ్ళికాని కూతుళ్ళకు 1986లోనే ఆ హక్కు ఇచ్చారు, 2005లో దేశమంతటా వచ్చింది. "కట్నం ఇచ్చేశాం కదా" అనే మాట కోర్టులో నిలబడదు.

అసలు మీరు అమ్మేది ఏమిటి?

ఒక్కరి పేరు మీద నడిచే వ్యాపారంలో చాలామందికి తెలియని సంగతి ఇది: చట్టం దృష్టిలో మీరూ మీ అంగడీ వేరు కాదు. పాన్ మీ పేరున ఉన్నదే, జీఎస్టీ నంబరు వచ్చేది ఆ పాన్ మీదే, ఉద్యమ్ సర్టిఫికెట్టూ (చిన్న వ్యాపారాలకు కేంద్రం ఇచ్చే నమోదు పత్రం) అంతే. ఇవేవీ అమ్మలేరు. కొనేవాడు తన పాన్ మీద కొత్తవి తీసుకోవాల్సిందే, టిఫిన్ సెంటరు అయితే ఫుడ్ లైసెన్సు కూడా. మీ చేతిలో అమ్మడానికి మిగిలేవి సరుకు, ఫ్రిజ్జులు, గ్రైండర్లు, పేరు, నమ్మకంగా పనిచేసే మనుషులు, ఆ చోటు.

పేరుకు విలువ ఉందనుకుంటే ట్రేడ్‌మార్కు రిజిస్టర్ చేయించండి. పదేళ్ళకోసారి రెన్యూ చేసుకోవాలి, ఇంకొకరికి రాసివ్వొచ్చు. బోర్డు మీద ఉన్న ఫోన్ నంబరు సంగతి కూడా చూడండి, ఎందుకంటే ఇరవై ఏళ్ళుగా ఊరంతా ఆ నంబరుకే ఫోన్ చేస్తుంటుంది, అదే నంబరు మీ ఆధార్‌కీ బ్యాంకుకీ ఫోన్‌పేకీ అతుక్కుని ఉంటుంది, కొనేవాడికి దాన్ని ఎలా ఇస్తారు? ఈ రోజే వ్యాపారానికి వేరే సిమ్ము తీసుకుని, ఏడాదో రెండేళ్ళో రెండు నంబర్లూ బోర్డు మీద ఉంచి, మెల్లగా పాతది తీసేయండి. గూగుల్ మ్యాప్స్‌లో మీ అంగడి పేజీ ఎవరి మెయిల్ మీద ఉందో కూడా కనుక్కోండి, చాలాసార్లు ఎప్పుడో మానేసిన కుర్రాడి మెయిల్ మీద ఉంటుంది. లాడ్జీలకు, ట్రావెల్స్‌కు ఈ పేజీలో ఉన్న రివ్యూలే సగం ఆస్తి. యాత్రికుడు రేణిగుంటలో రైలు దిగకముందే ఫోన్‌లో చూసుకుని వస్తున్నాడు.

బాడుగ అగ్రిమెంటు, అసలు చిక్కు ఇక్కడే

తిరుపతిలో అంగడి ధరంటే ప్రధానంగా ఆ చోటు ధరే. గోవిందరాజస్వామి గుడి దగ్గరా బస్టాండు ఎదురుగా ఉన్న గదికి ఉన్న గిరాకీ నాలుగు వీధులు లోపలికి పోతే ఉండదు. మరి ఆ చోటు మీదా? పదకొండు నెలల అగ్రిమెంటు, అదీ ఎప్పుడో అయిపోయి నోటి మాట మీద నడుస్తుంటుంది, ఎప్పటిదో పాత బాడుగ కడుతుంటారు. మీరు అమ్ముతున్నారని తెలిసిన రోజే బిల్డింగు ఓనరు మేలుకుని "కొత్తవాళ్ళయితే బాడుగ రెట్టింపు, అడ్వాన్సు కూడా పెంచాలి" అంటాడు, లేదా తన బావమరిదికి ఇస్తానంటాడు, అంతటితో మీ బేరం పోతుంది.

కాబట్టి కొనేవాడిని వెతకకముందే ఓనరుతో మాట్లాడండి. కొంచెం బాడుగ పెంచి అయినా సరే, ఐదేళ్ళకో తొమ్మిదేళ్ళకో లీజు రాయించుకుని, మీరు వ్యాపారం ఇంకొకరికి ఇస్తే మిగిలిన కాలానికి లీజు వాళ్ళకు మారుతుందనే మాట అందులో పెట్టించండి. ఏడాది దాటిన లీజును సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టర్ చేయాలి. స్టాంపు డ్యూటీ ఖర్చని మనవాళ్ళు వెనక్కి తగ్గుతారు, నన్నడిగితే మొత్తం ప్లానులో ఇంతకంటే లాభసాటి ఖర్చు ఇంకోటి లేదు. దేవస్థానానిదో మున్సిపాలిటీదో అయిన షాపు అయితే లెక్క పూర్తిగా వేరు, అది వాళ్ళు మీకు ఇచ్చిన లైసెన్సు, వాళ్ళ నిబంధనలు దాటి చేతులు మార్చి గుడ్‌విల్ (అంగడి పేరుకి, గిరాకీకి కట్టే విలువ) తీసుకుంటే ఇచ్చినవాడూ తీసుకున్నవాడూ ఇద్దరూ ఇరుక్కుంటారు. కరెంటు మీటరు ఎవరి పేరు మీద ఉందో కూడా చూసి పెట్టుకోండి, పాత బకాయిలుంటే తర్వాత గొడవ.

ధర ఎలా వేయాలి

"నెలకి ఆరు లక్షల బేరం, ఇరవై లక్షలు ఇవ్వాల్సిందే" అనే మాటలు వింటుంటాం. బేరం వేరు, మిగులు వేరు. ఒక ఉదాహరణ వేసి చూద్దాం. నెలకి ఆరు లక్షల అమ్మకం, అందులో 15 శాతం మార్జిన్ అంటే 90,000. బాడుగ 20,000, ఇద్దరు పనివాళ్ళకు 22,000, కరెంటు, ఆటో, చిల్లర ఖర్చులు 8,000 పోతే 40,000 మిగులుతుంది. ఇక్కడితో ఆపేసి అదే లాభం అనుకుంటాం. కానీ పొద్దున ఆరు నుంచి రాత్రి పది దాకా మీరు కూర్చుంటున్నారు, మధ్యాహ్నం ఇంట్లోవాళ్ళు వచ్చి చూసుకుంటున్నారు, ఆ పనికి మనిషిని పెడితే 25,000 ఇవ్వాలి. అది తీసేస్తే అంగడి సొంతంగా సంపాదించేది నెలకి 15,000, ఏడాదికి 1,80,000. దాని మీద రెండేళ్ళదో మూడేళ్ళదో అడగండి, సరుకును కొన్న ధరకి వేరుగా లెక్కకట్టండి. సొంత బిల్డింగు అయితే మీకు మీరే బాడుగ కట్టుకుంటున్నట్టు వేసుకుని లెక్క తీయాలి, లేకపోతే బిల్డింగు సంపాదనను వ్యాపారం సంపాదన అనుకునే ప్రమాదం ఉంది.

బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశి, వేసవి సెలవుల అమ్మకాలు చూపించి ధర చెప్పకండి, తెలిసినవాడు నమ్మడు. పన్నెండు నెలలదీ చూపించండి. అయితే అప్పగింత మాత్రం బ్రహ్మోత్సవాలకు రెండు నెలల ముందు పెట్టుకుంటే మంచిది. కొత్తవాడికి మొదట్లోనే చేతిలో డబ్బు ఆడుతుంది, మీకు ఇవ్వాల్సిన వాయిదాలు ఆగవు.

ఇక అసలు మాట. టాక్సు తక్కువ పడుతుందని ఏళ్ళ తరబడి రిటర్నులో సగం ఆదాయమే చూపించి, అమ్మేటప్పుడు "నిజానికి ఇంతకి రెట్టింపు వస్తుంది" అంటే కొనేవాడు నమ్మినా వాడికి లోను ఇచ్చే బ్యాంకు నమ్మదు, వాళ్ళు అడిగేది రెండు మూడేళ్ళ రిటర్నులు. మూడేళ్ళు ముందు మొదలుపెట్టమని చెప్పడానికి పెద్ద కారణం ఇదే. ఈ ఏడాది నుంచే ఉన్నది ఉన్నట్టు చూపించండి, ఇప్పుడు కట్టే టాక్సు అమ్మకం ధరలో తిరిగొస్తుంది.

మీరు లేకుండా నడిపి చూడండి

ఓ రెండు వారాలు ఎక్కడికైనా వెళ్ళండి. తిరిగొచ్చాక ఫోన్ తీసి చూసుకోండి, ఎన్నిసార్లు ఎవరు ఎందుకు చేశారో. సరుకు ఎక్కడ తెప్పించాలి, ఎవరికి ఎన్ని రోజుల అప్పు ఇవ్వొచ్చు, సాంబారు పొడి కొలత ఎంత, ఇవన్నీ మీ తలలోనే ఉన్నాయని అప్పుడు తెలుస్తుంది. అవే ఒక నోటు పుస్తకంలో రాయండి. నమ్మకమైన మాస్టరో గుమాస్తానో ఉంటే అతన్నే కొనేవాడిగా కూడా ఆలోచించండి. చేతిలో డబ్బుండదు కానీ పని మొత్తం తెలుసు, సగం ముందు, సగం వాయిదాల్లో తీసుకుంటే బయటివాడి కంటే ఇతనే నయం అని నా అభిప్రాయం.

అప్పులు, ఖాతాలు

సీసీ లోను (సరుకు మీద బ్యాంకు ఇచ్చే క్యాష్ క్రెడిట్ అప్పు) ఉంటే సరుకు బ్యాంకుకి తాకట్టులో ఉన్నట్టే, బ్యాంకుకి చెప్పకుండా అమ్మకూడదు. కట్టేసి, బాకీ లేదని బ్యాంకు రాసిచ్చే నో డ్యూ కాగితం తీసుకోండి. చేబదులు తీర్చినప్పుడల్లా ప్రోనోటు వెనక్కి తీసుకుని చించేయండి. మీకు రావాల్సిన ఖాతాలు మాత్రం కొనేవాడికి అంటగట్టాలని చూడొద్దు, వాడు రూపాయికి పావలా కూడా ఇవ్వడు. చివరిసారి కట్టిన తేదీ నుంచో, బాకీ ఒప్పుకుంటూ రాసిచ్చిన తేదీ నుంచో మూడేళ్ళు దాటితే కోర్టుకెళ్ళి రాబట్టుకోవడం కష్టం, కాబట్టి పాత బాకీల మీద ఇప్పుడే సంతకాలు తీసుకోండి.

పది మంది, అంతకంటే ఎక్కువ మంది పనిచేసే చోట ఐదేళ్ళు దాటినవాళ్ళకు ఏడాదికి 15 రోజుల జీతం చొప్పున గ్రాట్యుటీ వస్తుంది. అది మీరిస్తారా, కొనేవాడిస్తాడా అనేది ముందే రాసుకోండి.

భాగస్తులుంటే, లేదా ఉన్నట్టుండి ఏదైనా జరిగితే

పార్ట్‌నర్‌షిప్ నుంచి బయటికి వచ్చేవాళ్ళు భాగస్తుడి దగ్గర సంతకం తీసుకుంటే సరిపోతుందనుకుంటారు. సరిపోదు. గెజిట్‌లోనూ ఒక తెలుగు పేపర్లోనూ ప్రకటన ఇచ్చి, ఫర్మ్ రిజిస్టర్ అయి ఉంటే రిజిస్ట్రార్ ఆఫ్ ఫర్మ్స్‌కి తెలపాలి, అప్పటిదాకా ఫర్మ్ చేసే కొత్త అప్పులకు కూడా మీ మెడకి ఉచ్చు ఉంటుంది. ఒక భాగస్తుడు చనిపోతే ఫర్మ్ రద్దవుతుంది, కొనసాగుతుందని డీడ్‌లో రాసుకుంటే తప్ప, అదీ ఇద్దరే ఉంటే ఎలాగూ కుదరదు.

వీలునామాకు స్టాంపు పేపరు అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, ఇద్దరు సాక్షుల సంతకాలు చాలు. కరెంటు అకౌంటుకి నామినీని పెట్టండి, అయితే నామినీ డబ్బు తీసుకునేవాడు మాత్రమే, వారసుడు కావాలని లేదు.

అగ్రిమెంటు, డబ్బు, జీఎస్టీ

మళ్ళీ అదే ఏరియాలో అదే వ్యాపారం పెట్టనని కొనేవాడు రాయించుకుంటాడు. మామూలుగా ఇలాంటి షరతులు మన కాంట్రాక్టు చట్టంలో చెల్లవు, గుడ్‌విల్ అమ్మినప్పుడు మాత్రం హద్దులు సబబుగా ఉంటే చెల్లుతాయి. చూసి సంతకం పెట్టండి, "తిరుపతి జిల్లా మొత్తం" అని రాస్తే ఒప్పుకోవద్దు. డబ్బు బ్యాంకు ద్వారానే తీసుకోండి, 2 లక్షలు లేదా అంతకంటే ఎక్కువ నగదుగా తీసుకుంటే తీసుకున్నంత జరిమానా పడొచ్చు. మీరే సంపాదించుకున్న గుడ్‌విల్‌కి కొన్న ధర సున్నా కాబట్టి వచ్చిందంతా లాభంగానే లెక్కవేస్తారు, దానికి టాక్సు పక్కన పెట్టుకోండి.

వ్యాపారం మొత్తాన్ని నడుస్తున్నది నడుస్తున్నట్టుగా అప్పగిస్తే ఆ బదిలీ మీద జీఎస్టీ పడదు, మిగిలిన ఇన్‌పుట్ క్రెడిట్‌ని (సరుకు కొన్నప్పుడు మీరు కట్టిన జీఎస్టీలో ఇంకా వాడుకోనిది) ఐటీసీ-02 ఫారంతో కొనేవాడికి మార్చొచ్చు. సరుకు విడిగా అమ్మితే జీఎస్టీ పడుతుంది. పాత జీఎస్టీ బకాయిలుంటే ఇద్దరి మీదా బాధ్యత ఉంటుంది, అందుకే తెలివైన కొనుగోలుదారు మీ రిటర్నులన్నీ చూపించమంటాడు, కోపం తెచ్చుకోకండి. అప్పగించాక 30 రోజుల్లో రిజిస్ట్రేషన్ రద్దుకు దరఖాస్తు పెట్టి, రద్దయిన మూడు నెలల్లో జీఎస్టీఆర్-10 అనే ఆఖరి రిటర్ను వేయాలి. అంగడి ఎలాగూ లేదుకదా అని దీన్ని వదిలేసిన చాలామందికి తర్వాత నోటీసులొస్తుంటాయి. బిల్లు పుస్తకాలు, లెక్కలు కూడా తూకానికి వేయకండి, వార్షిక రిటర్ను గడువు నుంచి 72 నెలలు ఉంచాలి, పైన అటకమీద ఓ ట్రంకుపెట్టెలో వేసి తేదీ రాసి పెట్టండి.