విత్తనాల నెలకు ముందు ఫైనాన్స్ కంపెనీ మెట్లెక్కేవారికి

జూన్ నడుమ రజ పండగ వెళ్ళి నాలుగు వానలు పడగానే ఒడిశాలో మా గుణుపురం చుట్టుపక్కల పత్తి గింజ నేలలో పడాలి. దానికి ముందు పదిహేను రోజులు మా వీధిలో ఎవరింటికి వెళ్ళినా ఒకటే మాట, డబ్బు. విత్తనాల ప్యాకెట్లు, ఎరువు, దుక్కి ట్రాక్టరు కిరాయి, పిల్లల పుస్తకాలు, అన్నీ జూన్, జూలైలోనే అడుగుతాయి. పత్తి తీసి అమ్మి రూపాయి చేతిలో పడేది దీపావళి దాటాకే. మధ్యలో ఈ నాలుగైదు నెలలు గడవడానికే మనం ఫైనాన్స్ కంపెనీల మెట్లెక్కుతాం. అప్పు చెయ్యొద్దని నేను చెప్పను. చెయ్యకుండా సేద్యం చేసేవాళ్ళు మా వైపు ఎంతమంది ఉన్నారు? ఎవరి దగ్గర చేస్తున్నామో, ఏ కాగితం మీద వేలిముద్ర వేస్తున్నామో తెలుసుకుని చెయ్యమని మాత్రం గట్టిగా చెబుతాను. మా చిన్నమ్మకు జరిగింది చూశాక ఇది రాయకుండా ఉండలేకపోయాను.

చిన్నమ్మ జూన్‌లో ఒక ఫైనాన్స్ కంపెనీలో నాలుగు గాజులు కుదవ పెట్టి అరవై వేలు తెచ్చింది. ఆవిడ అది బ్యాంకే అనుకుంది. అద్దాల కౌంటరు, టోకెను, ఇనుప తలుపు, లోపల ఏసీ. రూపాయి వడ్డీ అని కౌంటరులో కుర్రాడు నోటితో చెప్పాడు. అంటే నూటికి నెలకు రూపాయి, ఏడాదికి 12 శాతం. ఆరు నెలలకు 3,600 అవుతుందని వేళ్ళ మీద లెక్కేసుకుంది. డిసెంబరులో చీర కొంగు ముడి విప్పి 63,600 లెక్కపెట్టి కౌంటరు మీద పెడితే, "67,200 అయిందమ్మా" అన్నాడు. గాజులు లోపలే ఉండిపోయాయి, చిన్నమ్మ నోట్లు మళ్ళీ కొంగున కట్టుకుని బస్సెక్కింది.

ఆ సాయంత్రం కాగితం నాకు చూపించింది. ఒకవైపు ఇంగ్లీషు, రెండోవైపు ఒడియా. చిన్నమ్మ సంతలో ఒడియా గడగడా మాట్లాడుతుంది, కానీ చదువుకున్నది తెలుగులో అయిదో తరగతి. చిన్న అక్షరాల్లో ఉంది అసలు సంగతి: వడ్డీ ఏడాదికి 24 శాతం, నెలనెలా వడ్డీ కట్టేవారికి మాత్రమే తగ్గింపు పోను 12. పంట మీద బతికే మనిషి నెలనెలా వడ్డీ ఎక్కడినుంచి తెచ్చి కడుతుంది? కాగితంలో లేనిది వాళ్ళు వసూలు చెయ్యలేదు. కాని ఉన్నది ఆవిడకు చదివి వినిపించలేదు. నాకు కడుపు మండింది అక్కడే.

బ్యాంకూ ఇదీ ఒకటి కాదు

ఫైనాన్స్ కంపెనీ అని మనం పిలిచేదాన్ని చట్టం బ్యాంకింగేతర ఆర్థిక సంస్థ అంటుంది. ఆఫీసుల్లో ఎన్‌బీఎఫ్‌సీ అంటారు. కంపెనీల చట్టం కింద కంపెనీగా పుట్టి, 1934 నాటి రిజర్వు బ్యాంకు చట్టంలోని 45-ఐఏ సెక్షను కింద రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ తెచ్చుకున్నాకే అది వ్యాపారం మొదలుపెట్టాలి. బ్యాంకు 1949 నాటి బ్యాంకింగ్ నియంత్రణ చట్టం కింద లైసెన్సుతో నడుస్తుంది. తేడా పేరులోనే ఉంటే నేను ఇంత రాయను, డబ్బు ఎక్కడినుంచి వస్తుందనే దాంట్లో ఉంది. బ్యాంకు మన పొదుపు ఖాతాల్లోని డబ్బును, మనకు కొద్దిపాటి వడ్డీ ఇచ్చి, ఇంకొకరికి అప్పుగా తిప్పుతుంది. ఫైనాన్స్ కంపెనీకి పొదుపు ఖాతా, కరెంటు ఖాతా తెరిచే హక్కు లేదు. తన పేరు మీద చెక్కుబుక్కు ఇవ్వలేదు. సొంత పెట్టుబడి పెట్టుకుని, చాలావరకు బ్యాంకుల దగ్గరే అప్పు తెచ్చి, డిబెంచర్లనే అప్పు పత్రాలు అమ్మి, దాని మీద తన ఖర్చూ లాభమూ వేసుకుని మనకిస్తుంది. అందుకే అక్కడ వడ్డీ ఎక్కువ.

అయినా జనం వెళ్తారు. వాళ్ళను తప్పు పట్టను. బ్యాంకు పట్టా అడుగుతుంది. పొలం అన్నదమ్ముల ఉమ్మడి పేరు మీద ఉంటేనో, మనది కౌలు సాగయితేనో తిరగలేక చెప్పులరిగిపోతాయి. ఫైనాన్స్ వాళ్ళు పాత ట్రాక్టరుకు కూడా అప్పిస్తారు, నగ తూచి గంటలో పంపిస్తారు, గ్రూపు లోను అయితే ఇంటి ముందుకే వస్తారు. బ్యాంకు వదిలేసిన చోటే వాళ్ళకు గిరాకీ.

కాని పంట అప్పు విషయంలో ముందు బ్యాంకుకో, ల్యాంప్స్ అనే గిరిజన ప్రాంతపు సహకార సంఘానికో వెళ్ళిరండి. కాదన్నాకే ఇటు రండి. కిసాన్ క్రెడిట్ కార్డు మీద 3 లక్షల వరకు పంట రుణానికి వడ్డీ 7 శాతం, గడువులో కట్టేస్తే 4 శాతమే పడుతుంది. ఆ రాయితీ బ్యాంకులు, గ్రామీణ బ్యాంకులు, సహకార సంఘాల ద్వారానే దొరుకుతుంది, ఫైనాన్స్ కంపెనీలో దొరకదు. 2025 జనవరి 1 నుంచి 2 లక్షల వరకు వ్యవసాయ రుణానికి తాకట్టు అడగకూడదని రిజర్వు బ్యాంకు బ్యాంకులకు చెప్పింది. ఇంకొక పెద్ద సంగతి, ఆ అప్పు గడువు పంటను బట్టి ఉంటుంది. ఫైనాన్స్ కిస్తీ నెలకో వారానికో వస్తుంది, పత్తి కాయ పగిలిందా లేదా అని చూడదు. అప్పు తీసుకునేముందు ఇంట్లో క్యాలెండరు దించి, ఏ నెల ఏ కిస్తీ, ఆ నెల డబ్బు ఏ దారిన వస్తుంది అని పెన్సిలుతో రాసుకోండి. ఖాళీగా మిగిలిన నెలలే రేపు ఇంకో కొత్త అప్పుకు దారి తీస్తాయి.

సంతకానికి ముందు

నోటి మాట వద్దు. 2024 అక్టోబరు 1 నుంచి వ్యక్తిగతంగా తీసుకునే ప్రతి కొత్త అప్పుకూ, బ్యాంకయినా ఫైనాన్స్ కంపెనీ అయినా, కేఎఫ్‌ఎస్ అనే ముఖ్య వివరాల కాగితం ముందుగా ఇచ్చి తీరాలి. అది అప్పు తీసుకునే మనిషికి అర్థమయ్యే భాషలో ఉండాలి, అందులో ఉన్నది విడమరిచి చెప్పాలి. మీ ఊరు ఒడిశాలో ఉంది కాబట్టి మీకు ఒడియా కాగితమే దిక్కని ఎక్కడా లేదు. "మాకు తెలుగే చదవడం వచ్చు, తెలుగులో ఇవ్వండి" అని అడగండి, సిగ్గుపడకండి. అందులో ఏపీఆర్ అని ఒక శాతం ఉంటుంది. వడ్డీ, ప్రాసెసింగ్ ఫీజు, ఇన్సూరెన్సు లాంటివన్నీ కలిపి ఏడాదికి మనకు నిజంగా పడే భారం అది. ఆ ఒక్క అంకె మీద వేలు పెట్టి చూపించమనండి. ఆ కాగితంలో లేని ఛార్జీని మీ ఒప్పుకోలు లేకుండా తర్వాత వెయ్యకూడదు.

బండికీ ట్రాక్టరుకీ ఫ్లాట్ వడ్డీ అంటారే, దాని దగ్గర మరీ జాగ్రత్త. లక్ష తీసుకుని 24 నెలలు కట్టాలి, 12 శాతం ఫ్లాట్ అన్నారనుకోండి. రెండేళ్ళ వడ్డీ 24,000 కలిపి 24 భాగాలు చేస్తే నెలకు 5,167. ప్రతి నెలా అసలు కొంత తీరుతూనే ఉంది కదా, వడ్డీ మాత్రం మొత్తం లక్ష మీదే నడుస్తోంది. తగ్గే అసలు మీద లెక్కేస్తే అది ఏడాదికి 21 శాతం పైమాటే. బ్యాంకు చెప్పే 12నీ దీన్నీ పక్కపక్కన పెట్టి ఒకటే అనుకోవద్దు.

ఖాళీ చెక్కు మీద, ఖాళీ కాగితం మీద సంతకం పెట్టకండి. ఇన్సూరెన్సు తీసుకుంటేనే లోను అంటే, ఆ మాట రాసిమ్మని అడగండి.

నగల సంగతి కొంచెం వివరంగా చెబుతాను, మా వైపు ఎక్కువ నడిచేది అదే. 2025 జూన్‌లో రిజర్వు బ్యాంకు బంగారం అప్పులకు కొత్త నిబంధనలిచ్చి, 2026 ఏప్రిల్ 1 లోగా బ్యాంకులూ ఫైనాన్స్ కంపెనీలూ అన్నీ అమల్లో పెట్టాలంది. దాని ప్రకారం ఇంటి ఖర్చులకు తీసుకునేది రెండున్నర లక్షల వరకు అప్పయితే నగ విలువలో 85 శాతం వరకు, 5 లక్షల వరకు అయితే 80, ఆ పైన 75 శాతం వరకు ఇవ్వొచ్చు. ఇస్తామన్నారు కదా అని అంచు దాకా తీసుకోకండి. అంత తీసుకుంటే వడ్డీ పేరుకోగానే ఆ హద్దు దాటిపోవచ్చు, వేలం నోటీసు తొందరగా రావచ్చు. నగను మీ కళ్ళ ముందే గీసి, తూచి చూడాలి. రాళ్ళు, లక్క, దారం పేరున ఎంత తీసేశారో రసీదులో రాయించండి. మొత్తం బరువు ఒకటి, నికర బరువు ఒకటి, స్వచ్ఛత ఎంత, వస్తువులు ఎన్ని. మా చిన్నమ్మ రసీదులో "గాజులు 4" అని ఉంది కాబట్టే తర్వాత నాలుగూ తడుముకోకుండా లెక్కచూసి తెచ్చుకుంది. 20,000 దాటితే డబ్బు చేతికివ్వకూడదు, ఖాతాలో వెయ్యాలి. అప్పు తీరిన రోజే నగ ఇవ్వాలి, ఎంత ఆలస్యమైనా ఏడు పనిదినాలు దాటకూడదు. వాళ్ళ తప్పు వల్ల దాటితే రోజుకు 5,000 చొప్పున మనకే కట్టాలి. వేలం వేస్తే ముందు నోటీసు ఇవ్వాలి, అప్పు పోగా మిగిలినది మనకు తిరిగివ్వాలి. కాబట్టి ఇల్లు మారినా, ఫోను నంబరు మారినా వెళ్ళి చెప్పి రాయించండి.

గ్రూపు లోన్లు, ఒకేసారి రెండు మూడు చోట్ల

సరిహద్దులో మనకొక అలవాటుంది. పర్లాకిమిడిలో ఒక గ్రూపు, గట్టు దాటి ఆంధ్రాలో పాతపట్నంలో మేనత్త ఇంటి అడ్రసు మీద ఇంకొకటి. రాష్ట్రం వేరు కాబట్టి ఒకరికొకరికి తెలీదనుకుంటాం. మన గుర్తింపు కార్డుల మీద అన్నీ క్రెడిట్ బ్యూరోకి, అంటే ఎవరికెంత అప్పుందో లెక్క పెట్టుకునే సంస్థకు చేరతాయి. 2010లో ఆంధ్ర పల్లెల్లో గ్రూపు అప్పులు ఒకదాని మీద ఒకటి పేరుకుని, వసూళ్ళ వేధింపులు పెరిగి, ప్రభుత్వం అక్టోబరులో ఆర్డినెన్సు తెచ్చే దాకా వెళ్ళింది. ఆ రోజులు మన చుట్టాల ఇళ్ళలో చూసినవాళ్ళం, మళ్ళీ అదే బాట పట్టొద్దు.

2022 ఏప్రిల్ నుంచి నిబంధన ఇది. ఏడాదికి 3 లక్షల లోపు ఆదాయమున్న కుటుంబానికిచ్చే చిన్న అప్పుకు తాకట్టు అడగకూడదు. ఆ ఇంటి అన్ని అప్పుల కిస్తీలూ కలిపి నెల ఆదాయంలో సగం దాటకూడదు. ఇంటికి నెలకు పది వేలు వస్తే కిస్తీలన్నీ కలిసి అయిదు వేల లోపే. ఫారంలో ఆదాయం ఎక్కువ రాయించేసి పెద్ద లోను ఇప్పిస్తానని ఎవరైనా అంటే వద్దనండి, కట్టేది మనమే. ముందే తీర్చేస్తే జరిమానా లేదు. ఆలస్యానికి ఛార్జీ వేసినా, కట్టవలసి ఉండిపోయిన మొత్తం మీదే వెయ్యాలి, అప్పంతటి మీదా కాదు.

వసూలుకొచ్చేవాడు ఉదయం 9కి ముందు, సాయంత్రం 6 తర్వాత రాకూడదు. మిగతా అప్పుల్లో ఫోనులు ఉదయం 8 నుంచి రాత్రి 7 వరకే. బూతులాడినా, చుట్టాలకు ఫోన్లు చేసినా, నలుగురిలో పరువు తీసినా తప్పే. తారీఖు, గంట, మనిషి పేరు ఒక పుస్తకంలో రాసి పెట్టుకోండి, ఫిర్యాదు చేసే రోజున అదే బలం. అమ్మాయిలు గ్రూపు కిస్తీలు కట్టే సెంటర్ మీటింగులో ఏడుస్తూ కూర్చోవడం నేను కళ్ళారా చూశాను. అలా రాసిపెట్టుకున్న కాగితం ముక్క చేతిలో ఉన్న రోజు వాళ్ళ గొంతు వేరుగా పలికింది.

ఫోను యాప్‌లో అప్పు తీసుకునే పిల్లలకు ఒక్కమాట. అసలు అప్పిస్తున్న కంపెనీ పేరు యాప్‌లో ఉండాలి, డబ్బు నేరుగా మీ ఖాతాకే రావాలి, మీ కాంటాక్టులు, ఫోటోలు అడిగే హక్కు దానికి లేదు. అడిగితే అక్కడే తీసెయ్యండి. తీసుకున్నాక మనసు మారితే కనీసం ఒక రోజులోపు అసలు, ఆ రోజుల వడ్డీ కట్టి బయటపడే వీలుండాలి.

డబ్బు దాచేటప్పుడు

పత్తి అమ్మిన నెల ఇంకో రకం మనుషులొస్తారు, దాచమని. బ్యాంకులో దాచిన డబ్బుకు ఒక్కో మనిషికి ఒక్కో బ్యాంకులో 5 లక్షల వరకు డిపాజిట్ బీమా ఉంది. ఫైనాన్స్ కంపెనీలో దాచినదానికి ఆ బీమా లేదు. అందులోనూ అన్ని కంపెనీలకూ డిపాజిట్లు తీసుకునే అనుమతి లేదు. ఉన్నవాటికీ 12 నెలలకు తక్కువ, 60 నెలలకు ఎక్కువ గడువు పెట్టే వీల్లేదు, వడ్డీ ఏడాదికి 12.5 శాతం మించకూడదు, బహుమతులివ్వకూడదు. నెలకు నూటికి రెండు రూపాయలిస్తామన్నా, ప్రెషర్ కుక్కరిస్తామన్నా తలుపు వెయ్యండి. 2013 ప్రాంతంలో ఒడిశాలో డిపాజిట్ కంపెనీలు కూలినప్పుడు వాటిని పత్రికలు చిట్‌ఫండులన్నాయి గాని, మనం వేసుకునే చిట్టీ 1982 చట్టం కింద రాష్ట్రంలో నమోదయ్యే వేరే సంగతి. కంపెనీ పేరు రిజర్వు బ్యాంకు వెబ్‌సైటులో ఉందో లేదో, డిపాజిట్ అనుమతి ఉందో లేదో చూసుకోండి. ఇలాంటి మోసాల మీద ఫిర్యాదులకు ఉన్న సచేత్ అనే వెబ్‌సైటులో ఫిర్యాదు కూడా ఇవ్వొచ్చు.

అప్పు మీద గొడవ వస్తే ముందు కంపెనీకే రాతపూర్వకంగా ఇచ్చి, నకలు మీద సీలు వేయించుకోండి. ముప్ఫై రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా ఫిర్యాదులు విని తేల్చే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వెళ్ళొచ్చు. పైసా ఖర్చు లేదు, లాయరు అక్కర్లేదు. ఎలా ఇవ్వాలో 14448కి ఫోను చేస్తే చెబుతారు.

చిన్నమ్మ సంక్రాంతికి తక్కువపడిన డబ్బు సర్ది గాజులు విడిపించుకుంది. ఈ ఏడు పట్టా నకలు తీయించి మే నెలలోనే ల్యాంప్స్‌కి వెళ్ళింది. అక్కడ ఒడియా ఫారం ఇచ్చారట. "చదివి చెప్పు బాబూ, అప్పుడు ఏలు ఎడతాను" అని కుర్చీలో కూర్చుండిపోయిందట. గుమస్తా మొదటి పేజీ నుంచి చదివాడు.