ఎంఐ కేబుల్ చివర సీల్ చేయడం ఎలా?

ఫైర్ అలారం, ఎమర్జెన్సీ లైట్లు, పొగను బయటికి లాగే ఫ్యాన్లు, ఫైర్ పంపులు: మంటలు చెలరేగినా వీటికి కరెంటు ఆగకూడదు. అందుకే అక్కడ మినరల్ ఇన్సులేటెడ్ (ఎంఐ) కేబుల్ వేస్తారు. రాగి తీగల చుట్టూ దట్టించిన మెగ్నీషియం ఆక్సైడ్ పొడి, ఆ పైన అతుకు లేని రాగి గొట్టం. కాలే పదార్థం ఏదీ లేదు. రాగి కరగాలంటే 1,080 డిగ్రీలు దాటాలి. పైన ప్లాస్టిక్ తొడుగున్న రకమైతే ఆ తొడుగు మాత్రం కాలుతుంది.

ఈ కేబుల్‌ని పాడుచేసేది చెమ్మ. కోసిన చివరను తెరిచి వదిలేస్తే ఆ పొడి గాలిలోని తేమను పీల్చేసుకుంటుంది, ఇన్సులేషన్ రీడింగ్ పడిపోతుంది. కోసిన వెంటనే సీల్ వేయాలి. ఇప్పటికే చెమ్మెక్కితే ఆ ముక్క కోసేయండి. పొడవు సరిపోకపోతే బ్లోల్యాంప్ మంటను లోపలి వైపు నుంచి చివరి దాకా మెల్లగా నడపండి, తేమ బయటికి పోతుంది. చివర నుంచి మొదలుపెడితే తేమ ఇంకా లోపలికి వెళ్తుంది.

ముందు గ్లాండ్ (కేబుల్‌ని పెట్టెకి బిగించే అమరిక) నట్టు, రింగు, బాడీ కేబుల్ మీదికి ఎక్కించండి. పాట్ (కేబుల్ చివర సీల్ నింపే చిన్న ఇత్తడి గిన్నె) బిగించాక ఇవి ఎక్కవు; చాలామంది మరిచేది ఇక్కడే. తర్వాత రింగింగ్ టూల్‌తో రాగి గొట్టం మీద చుట్టూ గీత పెట్టి, అక్కడిదాకా ఒలవండి. గీత వంకర పోతే పాట్ నిటారుగా కూర్చోదు. ఇత్తడి పాట్‌ని తిప్పుతూ బిగించి, లోపల రాలిన లోహపు రజను తట్టి దులపండి. నోటితో ఊదకండి, ఊపిరిలోనూ తేమ ఉంటుంది. మిగిలిన ఒక్క రాగి పలుకు చాలు, తీగకీ పాట్‌కీ మధ్య షార్ట్ కావడానికి. సీలింగ్ కాంపౌండ్‌ని ఒక పక్క నుంచే నొక్కుతూ నింపండి. రెండు పక్కల నుంచి కూరితే మధ్యలో గాలి చిక్కుకుంటుంది. పాట్‌కి మూత, తీగలకి స్లీవ్‌లు (ఇన్సులేషన్ గొట్టాలు) పెట్టి క్రింప్ చేయండి, అంటే పాట్ అంచును నొక్కి బిగించండి.

500 వోల్టుల మెగ్గర్‌తో (ఇన్సులేషన్ కొలిచే మీటర్) వెంటనే ఒకసారి, మర్నాడు ఇంకోసారి చూడండి. కనీసం 100 మెగాఓములు రావాలి. మొదట బాగుండి మర్నాటికి పడిపోతే సీల్ కోసి మళ్లీ వేయండి.

వంపు వ్యాసార్థం కేబుల్ వ్యాసానికి 6 రెట్లకు తగ్గకూడదు. ఒకే చోట పదేపదే వంచితే రాగి గట్టిపడి చీలుతుంది. సింగిల్ కోర్ (ఒకే తీగ ఉన్న) కేబుళ్లను ఇనుప ప్లేటులో విడివిడి రంధ్రాల్లోంచి పంపితే ప్లేటు వేడెక్కుతుంది, అక్కడ ఇత్తడి ప్లేటు వాడండి. క్లిప్పులు కూడా రాగివే ఉండాలి, గోడలో ప్లాస్టిక్ ప్లగ్గులు వద్దు. మంటల్లో అవి కరిగితే కేబుల్ బరువుకి లైను మొత్తం ఊడిపడుతుంది.